పిన్ని దాచుకున్న ఆపరేషన్

మా పిన్ని పోయింది. కెనడాలో, బ్రాంప్టన్‌లో మా చర్చి సంఘంలో ఆదివారం భోజనాలకి పులిహోర కలిపే ఆవిడంటే అందరికీ తెలుస్తుంది. ప్రభువు పిలుచుకున్నాడంటున్నారు. ఆయన మీదకి నెట్టకండి.

పిన్ని లావుగా ఉండేది. "ఇంకో గరిటె వేసుకోండి" అని బలవంతపెట్టిందీ ఈ సంఘం వాళ్లే, వెనక్కి తిరగ్గానే కుర్చీ విరుగుతుందని నవ్విందీ వీళ్లే. షుగరు, మోకాళ్ల నొప్పులు భరించలేక బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకుంది. పొట్టని చిన్నది చేసి పేగుని దానికి కలిపారు. బాగానే చేశారు, ఆ డాక్టర్ల మీద నాకు కోపం లేదు. నర్సు నా ఎదుటే చెప్పింది: ఎన్నేళ్లయినా సరే, గట్టిగా కడుపునొప్పి వస్తే లోపల పేగు మెలిపడి ఉండొచ్చు, వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లి ముందు ఈ ఆపరేషన్ సంగతి చెప్పమని.

సంఘంలో ఎవరికీ చెప్పొద్దని పిన్ని నా దగ్గర మాట తీసుకుంది. "తిండి ఆపుకోలేక కోయించుకుంది అంటారే" అనేది. చిక్కాక ఏం చేశావని అడిగితే ఉపవాస ప్రార్థన అంది. ఇంకేం, స్టేజీ ఎక్కించి సాక్ష్యం చెప్పించారు, చప్పట్లు కొట్టారు. చిన్న గిన్నెలో పప్పన్నం నమిలి నమిలి తింటుంటే అదీ భక్తే అన్నారు. నాతో షాపింగ్‌కి వచ్చినప్పుడు మాత్రం కొత్త చుడీదార్ వేసుకుని అద్దం ముందు తిరిగేది. "చూడవే, నేనే" అని మురిసిపోయేది. ఆ ముఖం నాకెంతో ఇష్టం.

నొప్పి వచ్చిన రోజు నేను ఓక్‌విల్‌లో డ్యూటీలో ఉన్నా. ఇంగ్లీషులో మాట్లాడటానికని సంఘంలో సిస్టర్ ఒకావిడ ఎమర్జెన్సీకి వెంట వెళ్లింది. ఇదివరకు ఆపరేషన్లేమైనా అయ్యాయా అని డాక్టర్ అడిగితే పిన్ని లేదంది. గ్యాస్ అని మందిచ్చి పంపేశారు. మర్నాడు మళ్లీ తీసుకెళ్లేసరికి పేగు చచ్చిపోయింది. "ఆవిడ పక్కనే ఉందే, ఎట్లా చెప్పను?" అంది పిన్ని నాతో. ఆ తర్వాత ఇక మాట్లాడలేదు.

పిన్ని పోయాక చర్చిలో పెట్టిన ఆదరణ కూడికలో అదే సిస్టర్ మైకు పట్టుకుని "ఉపవాసంతో దేహాన్ని జయించిన తల్లి" అని మొదలెట్టింది. నాకు ఒళ్లు మండిపోయింది. మైకు లాక్కుని అన్నీ చెప్పేశా. రోగంతో కాదు, మీ నోళ్లకి భయపడి పోయిందన్నా.

బయటికి వస్తుంటే క్వయిర్‌లో పాడే అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది.

"అక్కా, నాకూ అదే ఆపరేషన్ అయింది. ఇక్కడ ఎవరికీ తెలీదు. పిన్నిగారికి నొప్పి ఎక్కడ మొదలైంది?"

రెండో చెయ్యి పొట్ట మీద నొక్కిపెట్టుకుని ఉంది. పొద్దుట్నుంచీ నొప్పిగా ఉందట. ఇంకేం అడక్కుండా కారెక్కించా.

ఎమర్జెన్సీ కౌంటర్‌లో పేరడిగారు. ఆ పిల్ల పేరు కంటే ముందు ఆపరేషన్ సంగతి చెప్పింది.