కుక్క ముక్కు మీద లారీ కాగితాలు

కంప్యూటర్లో ఏ ప్రోగ్రాం తెరవాలన్నా నేను మౌస్ ముట్టను. ఒక మీట నొక్కి, పేరులో రెండు మూడు అక్షరాలు కొట్టి, ఎంటర్. కాలేజీ చదువు వల్ల నాకు మిగిలిన విద్య దాదాపు అదొక్కటే కాబట్టి కాస్త గర్వం కూడా ఉండేది.

తమిళనాడు రాజపాళయంలో నేను పనిచేసే బ్యాండేజీ గుడ్డ కంపెనీలో సరుకు పంపే సెక్షన్ మామది. వరసకు మామ. ఆయన పద్ధతి వేరు. తెర నిండా వాళ్లింటి కుక్క ఫొటో ఉండేది. మా ఊరి పేరే ఉన్న జాతి, తెల్లగా, గులాబీ ముక్కుతో, ఎడమ పక్కకు తిరిగి నిలబడి. ఐకాన్లన్నీ దాని ఒంటి మీదే. లేబుళ్లు చెవి మీద, లారీ కాగితాలు ముక్కు మీద, స్టాకు పట్టిక పొట్ట మీద, మెయిల్ తోక చివర. మెయిల్ అంటే ఆయనకు పెద్దగా ఇష్టం లేదని దీన్నిబట్టి ఊహించవచ్చు.

పాత కంప్యూటర్ మొరాయించి కొత్తది వచ్చింది. సర్దే పని నాకు అప్పజెప్పారు. తెర మీద ఒక్క ఐకాన్ లేకుండా ఊడ్చేసి, నీలం రంగు పెట్టి, ఉపకారం చేశాననుకుని ఇంటికి వెళ్లాను. పాతదాన్ని, లోపలున్న కుక్క ఫొటోతో సహా, పాత సామాన్లవాడు పట్టుకుపోయాడు.

మర్నాడు పొద్దున మేనేజర్ పక్కూరు తళవాయిపురం బయల్దేరుతూ మామ బల్ల దగ్గర ఆగాడు.

"మధ్యాహ్నం నేను వచ్చినాక ఈ కొత్తదాంట్లో లారీ కాగితాలు నా ముందర మీరే తీయాల. రాకుంటే సోమవారం నుంచి గోడౌన్ చూసుకోండి. ఈ సీటుకు వేరే ఆళ్లను పెడతాను."

గోడౌన్ చెడ్డ చోటేమీ కాదు. కాకపోతే మామకు దూది దుమ్ము పడదు, అక్కడ ఉన్నది దూది, దుమ్మే.

మామ తెరను చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"కుక్క యాడ అల్లుడా?"

"తీసేసినాను మామా. ఇప్పుడు పేరు కొడితే చాలు, అదే వచ్చేస్తాది."

"ఏం పేరు?"

"ప్రోగ్రాం పేరు. లేబుళ్లు తీస్తావే, దాని పేరేమి?"

"చెవి."

"అది కాదు మామా, అసలు పేరు."

"ఇన్నేండ్లుగా చెవి అంటానే ఉండాను, పలుకుతానే ఉండాది. ఇంకేం పేరు దానికి?"

ప్యాకింగ్‌లో పనిచేసే అక్కను అడిగాను. "చెవే కదా?" అంది, నాకేమైనా అయిందా అన్నట్టు చూస్తూ.

నా పద్ధతికి పేరు కావాలి. వాళ్లకు చోటు తెలిస్తే చాలు. ఆ చోటునేమో నేను పాత సామాన్లవాడికి ఇచ్చేశాను.

మామ అత్తకు ఫోన్ చేశాడు. ఆవిడ గొంతు నా బల్ల దాకా వినిపించింది.

"ఆఫీసులో కూచోని కుక్క ఫొటో ఎందుకు? సుమ్మా, ఊరికే ఉండలేరా?"

"అవసరం. సీక్రం పంపు. నిలబెట్టి తియ్యి."

"పడుకొని ఉండాది. నేను చెప్తే మీరే లేవరు, అది లేస్తాదా?"

మొదటి ఫొటోలో కుక్క ముడుచుకుని పడుకుని ఉంది. మామ తల అడ్డంగా ఊపాడు. "పొట్ట యాడ? స్టాకు యాడ పెట్టేది?"

రెండో ఫొటోకు ఒక రస్కు ఖర్చయింది. ఈసారి నిలబడింది గానీ మొహం అటువైపు. వెనకాల ఒక ప్లాస్టిక్ బక్కెట్టు.

"ముక్కు కుడికి వచ్చింది మామా."

"రానీ. ముక్కు ముక్కే."

ఐకాన్లు వాటంతటవే వరసకట్టే అలవాటు మాన్పించి, ఒక్కొక్కటే లాక్కెళ్లి పెట్టాను. తోక దగ్గర మామ ఆపాడు. "మెయిల్ బక్కెట్లో వెయ్యి."

మేనేజర్ తిరిగొచ్చి కుర్చీ వెనక నిలబడ్డాడు. మామ చెయ్యి అలవాటుగా ఎడమవైపు కదిలింది. అక్కడ తోక మాత్రమే ఉంది. ఆ చెయ్యి ఆగింది, కుక్క వీపు మీదుగా నిదానంగా కుడికి నడిచింది, ముక్కు మీద రెండుసార్లు నొక్కింది. ప్రింటర్ దగ్గి, కాగితాలు కక్కింది.

మేనేజర్ వాటిని పైనుంచి కింది దాకా చదివి సంతకం పెట్టాడు. వెళ్తూ తెర వైపు ఓసారి చూసి, "కుక్క లావైనాది," అన్నాడు.

"రస్కులు," అన్నాడు మామ.

సోమవారం కూడా మామ అదే కుర్చీలో ఉన్నాడు. తెర ఊడ్చింది ఎవరని మేనేజర్ అడగలేదు. నేనూ గుర్తు చేయలేదు. ఆ సాయంత్రం వాళ్లింటికి ఒక రస్కుల పొట్లం మాత్రం తీసుకెళ్లాను.