జమేదారు గారి తిన్నె మీద ఇంగ్లీషు

కంపెనీ పాలన పోయి రాణిగారి పాలన వచ్చిందని కోయంబత్తూరులో చాటించిన కొద్ది రోజులకే ఒక ముసలాయన నన్ను వెతుక్కుంటూ కలెక్టరు కచ్చేరికి వచ్చాడు. నిటారుగా నడిచే మనిషి. నెరిసిన మీసాలను దువ్విన తీరు చూస్తేనే పటాలంలో పనిచేసినవాడని తెలిసిపోయేది. నేనక్కడ కాగితాలకు నకళ్లు రాసే గుమాస్తాను. మిషను బడిలో నేర్చుకున్న ఇంగ్లీషు తప్ప నాకు వేరే ఆస్తి లేదు.

"నువ్వు మన తెలుగోళ్ల పిల్లోడివంట గదా," అన్నాడు. "నేను కంపెనీ పటాలంలో జమేదారుగా చేసినాను. ఇన్నేండ్లు కంపెనీ పింఛను తింటా ఉండాను. ఇప్పుడు కంపెనీయే లేదంటా ఉండారే, నాకు పింఛను ఎవరిస్తారప్పా?"

రాణిగారి సర్కారే ఇస్తుంది, భయం లేదని చెప్పాను. ఆయనకు తృప్తి కలగలేదు.

"నువ్వు చెప్తే చాలదు. నేను దొరనే అడగాల. పాత దొరలకు హిందుస్తానీ వచ్చేది, వాళ్లతో మాట్లాడేవాణ్ణి. కొత్తాయనకు రాదు. నాకు ఇంగ్లీషు నేర్పు."

ఆయనకప్పటికి అరవై దాటాయి. నాకు ఇరవై రెండు.

ఆయన ఇల్లు సూలూరు దారిలో, పత్తిచేల మధ్య ఉన్న చిన్న ఊళ్లో. మా ఊరు పక్కనే. ఆదివారం నేను ఇంటికి వెళ్లినప్పుడల్లా, ఎండ తగ్గాక, ఆయన ఇంటి ముందు తిన్నె మీద పాఠం మొదలయ్యేది. రెండు వారాలకే మరో ఇద్దరు చేరారు. ఒకరు పత్తి పండించే రైతు. ఇంకొకరు మా కచ్చేరిలోనే, భుజాన డవాలు పట్టీ వేసుకుని పనిచేసే బంట్రోతు, యాభై అయిదేళ్ల వాడు. జమేదారు గారి భార్య మాకందరికీ సజ్జ అంబలి, నంజుకోవడానికి చిన్న ఉల్లిపాయలు పెట్టి, తలుపు చాటున పత్తి ఒలుచుకుంటూ కూర్చునేది. ఆమెను నేను పెద్దమ్మా అని పిలిచేవాణ్ణి. ఆ ముగ్గురూ నన్ను వాద్యారు, అంటే పంతులు, అని పిలిచేవారు.

జమేదారు గారికి ఇంగ్లీషు బొత్తిగా రాదనుకోవడం నా పొరపాటు. వచ్చు, కానీ ఆయనకు వచ్చినదంతా కవాతు ఇంగ్లీషు. నిలబడు, తిరుగు, నడు. ముప్పై ఏళ్లు విన్నవీ, అరిచినవీ ఆజ్ఞలే. "ప్లీజ్" అనే మాట నేర్పడానికి నాకు నెల పట్టింది. ఆ మాటను కూడా ఆయన తుపాకీ ఎత్తమన్నట్టే అనేవాడు.

నా దగ్గరున్న వ్యాకరణ పుస్తకంలో అన్నీ మంచు కురవడం, గొర్రెలు ఇల్లు చేరడం గురించిన వాక్యాలే. "మంచు కురిస్తే మనకేమి వాద్యారే?" అన్నాడు రైతు. ఆ మాటతో పుస్తకం మూసేశాను. జీతం, పత్తి ధర, ముసలితనం, వీటి మీదే వాక్యాలు అల్లాను. నేను సంపాదించాను, నేను ఖర్చు పెడుతున్నాను, నేను దాచుకుంటాను. మూడు కాలాలూ వాళ్లకు ఒక్క సాయంత్రంలో పట్టుబడ్డాయి. బడిలో నాకు అవి పట్టుబడటానికి ఏడాది పట్టింది.

ఆ సాయంత్రమే, భవిష్యత్ కాలం దగ్గర మాత్రం బంట్రోతు ఆగిపోయాడు. వాక్యం చెప్పమంటే తల దించుకున్నాడు.

"నాకు ఆ ముక్క వద్దు వాద్యారే. జమేదారుకు పింఛను ఉండాది. నాది బంట్రోతు పని. దిగిపోయిన దినం డవాలు తీసి ఇచ్చేసి రావాల్సిందే. రేపటి గురించి నేనేమి చెప్పేది?"

అప్పుడు తలుపు చాటు నుంచి పెద్దమ్మ గొంతు వినిపించింది, ఇంగ్లీషులో. "ఐ షల్ కీప్ టూ బఫెలోస్."

రెండు గేదెలను పెంచుకుంటాను అని. ఒక్క తప్పు లేదు. జమేదారు గారు వెనక్కి తిరిగి, ఇల్లు కాలిపోతున్నట్టు చూశాడు.

"ఏం చూస్తావు మామా?" అంటూ ఆమె పత్తి పక్కన పెట్టింది. "పింఛను నీతో సరి. నీ తరవాత నాకేముండాది? అందుకే గేదెలు. ఆ అన్నకూ చెప్తా ఉండాను, వద్దనేదానికి లేదు, చెప్పమను."

బంట్రోతు ఆ గేదెల నెయ్యి తాను అమ్ముతానని ఇంగ్లీషులో మెల్లగా చెప్పాడు. ఆ వేళ నుంచి పెద్దమ్మ తలుపు ఇవతలికి వచ్చి కూర్చుంది.

కంపెనీ ఇచ్చిన పింఛను రాణిగారి సర్కారులో కూడా ఆగలేదు. మా పాఠం కూడా ఆగలేదు. అలా మూడేళ్లు గడిచాక జమేదారు గారికి కుడి కాలూ కుడి చెయ్యీ పడిపోయాయి. పింఛనుదారు ఆరు నెలలకొకసారి కచ్చేరికి స్వయంగా వచ్చి బతికే ఉన్నానని చూపించుకోవాలి. ఒకసారి తప్పింది. రెండోసారీ తప్పితే పేరు కొట్టేస్తారు. బండి కుదుపులకు ఆయన తట్టుకోలేడని వైద్యుడు చెప్పాడు.

అర్జీ రాసిస్తానన్నాను. పెద్దమ్మ ఒప్పుకోలేదు.

"కాగితం బల్ల మీద పడి ఉంటాది తంబీ. మనిషి ఎదురుగా నిలబడితే చూడక ఏం చేస్తారు? నేనే పోతాను. మాటలు సరి చూడు, చాలు."

తెల్లవారగానే బండి కట్టించి ఇద్దరం బయల్దేరాం. దారి పొడుగునా ఆమె పెదవులు కదులుతూనే ఉన్నాయి. కచ్చేరిలో దొర ముందు నిలబడి ఆమె చీర కొంగు సర్దుకుంది. మాట ఎక్కడా తడబడలేదు. "సర్, మై హస్బెండ్ ఈజ్ అలైవ్. హి కెనాట్ వాక్. ప్లీజ్ కమ్ అండ్ సీ హిమ్."

నా భర్త బతికే ఉన్నాడు, నడవలేడు, దయచేసి వచ్చి చూడండి. గదిలో కలాల చప్పుడు ఆగిపోయింది. దొర తలెత్తి, గబగబా ఏదో అడిగాడు. ఊరు ఎంత దూరమని అడిగాడని నాకు అర్థమైంది. ఆమెకు కాలేదు. ఆమె నా వైపు చూసింది.

నేను మాట్లాడలేదు. పిలవకుండా దొర ముందు నోరు తెరిస్తే ఉద్యోగం ఏమవుతుందోనని గోడకు అంటుకుని నిలబడ్డాను. ఆ క్షణం గురించి రాయడానికి ఈ వయసులో కూడా నాకు సిగ్గుగానే ఉంది.

ఆమె చూపు మరల్చుకుంది. "సర్, స్లో," అంది.

నేను నేర్పిన మాట కాదది. ఎక్కడ పట్టుకుందో, ఎలా కూర్చుకుందో తెలియదు. దొర ముఖం మెత్తబడింది. ఒక్కొక్క మాటే విడదీసి మళ్లీ అడిగాడు. ఆమె చెప్పింది. శనివారం వస్తానన్నాడు.

తిరుగు బండిలో నన్ను క్షమించమని అడిగాను.

"నువ్వు మాట్లాడుంటే ఆ దొర నిన్నే చూసుంటాడు తంబీ, నన్ను కాదు. పోనీలే," అంది. కాసేపటికి, "కానీ నాకు శానా భయమేసింది," అని నవ్వింది. కళ్లలో మాత్రం నీళ్లు ఉన్నాయి.

శనివారం దొర గుర్రం మీద వచ్చాడు. జమేదారు గారు మంచం మీద నుంచే ఎడమ చేత్తో సలాము చేశాడు. దయచేసి కూర్చోండి అనడం వారమంతా సాధన చేశాడు. కానీ దొరను చూడగానే పాత పటాలం పైకొచ్చింది. "సిట్ డౌన్!" అని గర్జించాడు. దొర ఠక్కున ముక్కాలి పీట మీద కూర్చున్నాడు. మొదట నవ్వింది దొరే.

పేరు కొట్టేయలేదు. జమేదారు గారు ఇంకో రెండేళ్లు బతికి, తమిళ నెల మాసిలో, చలి తగ్గుతుండగా, పోయారు. పెద్దమ్మ అన్నట్టే గేదెలు కొంది. బంట్రోతు డవాలు ఇచ్చేసి వచ్చాక ఆమె కాచిన నెయ్యిని కోయంబత్తూరు తీసుకెళ్లి అమ్మేవాడు. రైతు తన పత్తి కాగితాలు తనే చదువుకునేవాడు. నాకు దిండిగల్‌కు, అక్కణ్ణుంచి మదురైకి బదిలీ అయింది. తరవాత బడిపంతులుగా మారి ఎందరికో ఇంగ్లీషు చెప్పాను. వాళ్లలో పెద్ద పెద్ద ఉద్యోగాలకు వెళ్లినవాళ్లూ ఉన్నారు. ఆ తిన్నె మీద కూర్చున్న నలుగురంతగా వాళ్లెవరూ నాకు గుర్తులేరు.

ఇప్పుడు నేనూ పింఛనుదారుణ్ణే. పోయిన ఏడాది కోయంబత్తూరుకు రైలెక్కి, అక్కణ్ణుంచి బండి మాట్లాడుకుని ఆ ఊరు వెళ్లాను. పెద్దమ్మ తరవాత ఇల్లు చేతులు మారింది. తిన్నె మీద ఎవరో తెలియని పెద్దాయన కూర్చుని ఉన్నాడు. పక్కకు జరిగి చోటిచ్చి, లోపల్నుంచి మజ్జిగ తెప్పించాడు.

"మీది ఏ ఊరు సామీ?" అని అడిగాడు.

"ఈ పక్కనే," అన్నాను. పొద్దు వాలేదాకా అక్కడే కూర్చున్నాను.