మూడు గీతల గ్యాసు లైటు

1974 జూన్‌లో నన్ను విజయవాడలోని ఒక మ్యూజియానికి టెక్నికల్ అసిస్టెంటుగా బదిలీ చేశారు. పైన క్యూరేటరు, ఆయన కింద నేను, నా కింద ఒక అటెండరు. డెల్టా గ్రామాల్లో వాడుక తగ్గుతున్న గ్యాసు లైట్లను సేకరించి, అవి ఏ కాలానివో తేల్చి రిజిస్టరులో ఎక్కించడం నా పని. గ్యాసు లైటు వెలిగేది కిరసనాయిలుతోనే. పంపు కొట్టి టాంకులో గాలి నింపితే నూనె పైకెక్కి, వేడికి ఆవిరై, సన్నని వలలాంటి మాంటిల్‌ను వెలిగిస్తుంది. అందుకే జనం గ్యాసు లైటు అనేవారు.

కాలం తేల్చడానికి ముందు టాంకు అడుగున కొట్టిన ముద్ర చూసేవాళ్లం. ఒట్టి జర్మనీ అని ఉంటే రెండో ప్రపంచ యుద్ధానికి ముందుది, పశ్చిమ జర్మనీ అని ఉంటే తర్వాతది. రిజిస్టరులో ఒక వస్తువుకు ఒకటే గడి, అందులో ఒకటే కాలం.

ఆషాఢం మొదట్లో గన్నవరం అవతల ఒక ఊరు వెళ్లాను. అక్కడ మరియమ్మ గారనే పెద్దావిడ భర్త అబ్రహాం పెళ్లి ఊరేగింపులకూ చర్చి పండుగలకూ లైట్లు అద్దెకిచ్చేవాడట. ఆయన పోయాక మరిది ఏసోబు ఆ పని చేస్తున్నాడు. భర్త పేరు రాసి పెడతామంటే ఒక లైటు ఇస్తానన్నారామె. తమ పెళ్లయిన ఏడు, యుద్ధానికి ముందు, ఆయన కొన్న మూడో లైటు అది అన్నారు.

అడుగు తిప్పి చూశాను. పశ్చిమ జర్మనీ. ఇది యుద్ధం తర్వాతదని ఇరుగుపొరుగు వింటుండగానే చెప్పాను.

"నా పెళ్లికి మీరొచ్చారేంటి బాబుగారూ?" అన్నారామె.

ముద్ర అబద్ధం చెప్పదన్నాను. అప్పుడు తెలియలేదు గాని, అబద్ధం ఆమెదే అన్నట్టయింది. ఆమె లైటును నా వైపు జరిపారు. యుద్ధానంతరం అని రిజిస్టరులో సిరాతో రాసేశాను.

పది రోజుల తర్వాత క్యూరేటరు గారు ఆ లైటు పై మూత ఊడదీశారు. మూత లోపలివైపు ఒట్టి జర్మనీ ముద్ర.

"ఏవయ్యా, తల ఒక కాలం, పొట్ట ఒక కాలం. ఆటోనగర్లో బిగించుకొచ్చావా?" అన్నారు. అటెండరు నవ్వాడు. చూడటానికి వచ్చిన ఇద్దరు కాలేజీ లెక్చరర్లు కూడా నవ్వారు. ఆ ముగ్గురూ ఎక్కడెక్కడ నిలబడ్డారో ఇప్పటికీ చెప్పగలను. సాయంత్రానికి మెమో వచ్చింది: అజాగ్రత్తగా నకిలీ వస్తువును స్వీకరించినందుకు. అది నా సర్వీసు ఫైల్లో చేరింది. లైటు వెనక్కి ఇచ్చి రమ్మన్నారు.

గోనెసంచిలో పెట్టుకుని బస్సెక్కాను. మరియమ్మ గారి వాకిట్లో ఏసోబు లైట్లన్నీ విప్పి పోగేశాడు. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు కాబట్టి ఏటా అప్పుడే బూడిదతో తోమి బాగుచేస్తారు. మూతలన్నీ ఒక గంపలో, టాంకులన్నీ ఒక వరసలో ఉన్నాయి. ఏ మూత ఏ టాంకు మీద సరిగ్గా కూర్చుంటే దాన్నే బిగిస్తున్నాడు. మరి ఏ లైటు ఏదో ఎలా తెలుస్తుందని అడిగాను.

"కమ్మీయేనండీ లైటంటే. మిగతాయి అరిగిపోయే సామాను," అని పైన పట్టుకునే కమ్మీ చూపించాడు. దాని మీద ఆకురాయితో గీతలు పెట్టి ఉన్నాయి. ఊరేగింపులో నలుగురి లైట్లు కలిసిపోతే, ఎవరివి వాళ్లు ఏరుకునేది ఆ గీతల తీరును బట్టే; గీతల లెక్క అది ఎన్నో లైటో చెబుతుంది. టాంకు చిల్లి పడితే మార్చేవారు, కమ్మీని మార్చేవారు కాదు. నేను తెచ్చినదాని కమ్మీకి మూడు గీతలున్నాయి.

"ఆయన చేత్తో పెట్టినయ్యండీ అవి. లైటుని అడుగు తిప్పి చూసే మనిషిని మిమ్మల్నే చూశాం," అన్నారు మరియమ్మ గారు.

పొరపాటు నాదేనని చెప్పాను. మొదటి మాట విన్నవాళ్లే అక్కడ ఉన్నారు కాబట్టి వాళ్ల ముందే చెప్పాను. ఆమె మాత్రం లైటు ముట్టుకోలేదు. "ఇచ్చింది తిరిగి తీసుకోనండీ. ఆయన పేరు రాయిస్తానన్నారుగా, రాయించండి."

దాన్ని మళ్లీ విజయవాడ తెచ్చాను. భాగానికో కాలం రాయాలని, కమ్మీ గీతలను యజమాని గుర్తుగా నమోదు చేయాలని, అబ్రహాం పేరుతో ప్రదర్శించాలని, మెమో రద్దు చేయాలని అర్జీ పెట్టాను. క్యూరేటరు గారు తిప్పి పంపారు. మళ్లీ పెట్టాను. నాలుగోది నిబంధన ప్రకారం ఆయన ద్వారానే హైదరాబాదులోని పై ఆఫీసుకు పంపించాను. పంపక తప్పలేదాయనకు.

1976లో ఉత్తర్వు వచ్చింది. మొదటి మూడు కోరికలు ఒప్పుకున్నారు. మెమో మాత్రం అలాగే ఉంచారు.

మరియమ్మ గారు ఏసోబును వెంటబెట్టుకుని చూడటానికి వచ్చారు. అబ్రహాం పేరు చదివి వినిపించాను. ఆమె కమ్మీ వైపు చూసి, "గీతలు ఇటేపు కనపడేట్టు తిప్పండి," అన్నారు. తిప్పాను. క్యూరేటరు గారు తన గది గుమ్మంలో నిలబడి చూశారు. 

మెమో రద్దు కోసం రిటైరయ్యేదాకా రాస్తూనే ఉన్నాను. కాలేదు. నాకు మెమో ఇవ్వదగ్గ తప్పు ఒకటుంది: ఒక పెద్దావిడను ఆమె వాకిట్లోనే నలుగురి ముందు అబద్ధాలకోరును చేయడం. దానికి ఎవరూ ఇవ్వలేదు. ఆ తర్వాత ఏ వస్తువుకూ ఒకే గడిలో ఒకే కాలం రాయలేదు. ముందు దాన్ని విప్పి బిగించిన మనిషిని అడిగేవాణ్ణి, ముద్ర తర్వాత చూసేవాణ్ణి.