అధ్యక్షా, నేను తాగలేదు

పాతికేళ్లయినా నిండని ఆ కాలంలో, ప్రపంచంలో నాకు తెలియని సంగతి ఒకటుందంటే నేను ఒప్పుకునేవాణ్ణి కాదు. రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్లయింది. యానాంలో ఒక ట్యుటోరియల్లో సోషల్ చెప్పేవాణ్ణి. ఇల్లు మాత్రం సరిహద్దు అవతల, ఆంధ్రా ఊళ్లో. పొద్దున్నే గోదావరి గట్టున చేతులూపుకుంటూ నడిచేవాళ్లను చూసి, "వ్యాయామం కూర్చుని తినేవాళ్ల కాలక్షేపం, పొలంలో వంగేవాడికి దాంతో పనేమిటి" అని టీకొట్టు దగ్గర ఉపన్యసించేవాణ్ణి (నేనే రోజంతా కూర్చునే ఉంటాననీ, నా చేతిలో ఉన్నది పునుగుల పొట్లమనీ నాకు తోచేది కాదు). ఒక సాయంత్రం షేర్ ఆటోలో డ్రైవరు పక్కన అరచెయ్యంత చోటు చూపిస్తే కోపమొచ్చి నడక మొదలుపెట్టాను. నది మీంచి గాలి వీస్తోంది, కొంగలు గూళ్లకు మళ్లుతున్నాయి, కాళ్లకు ఇంత హాయి ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. మర్నాడు కోపం లేకుండానే నడిచాను.

నడుస్తుంటే వాదన బాగా సాగుతుందని కూడా కనిపెట్టాను. కాకినాడలో మా హేతువాద మిత్రుల చర్చా సభలో నేను మద్యపానాన్ని ఖండించాల్సి ఉంది. అందుకని దారి పొడవునా "అధ్యక్షా" అంటూ గొంతెత్తి, చెయ్యి ఝాడించి, కొబ్బరిచెట్లను ఒక్కొక్కటిగా నిలదీసేవాణ్ణి. వాటంత ఓపికైన సభ నాకు మళ్లీ దొరకలేదు. అయితే నా తర్కానికి అందని చిన్న విషయం ఒకటుంది. యానాం పాండిచ్చేరి కిందిది కాబట్టి అక్కడ మందు చవక. చుట్టుపక్కల ఆంధ్రా ఊళ్లవాళ్లు సాయంత్రం వచ్చి, తాగి, అదే రోడ్డు మీద ఇళ్లకు మళ్లేవారు. ఆ వేళప్పుడు ఆ దారిన చెమటలు కక్కుతూ, తనలో తాను మాట్లాడుకుంటూ, చెట్లతో తగువు పడుతూ పోయేవాడు ఎవడై ఉంటాడో మావాళ్లకు ఆలోచించాల్సిన పనే లేదు.

ఒకరోజు ఆటోడ్రైవరు పక్కనే ఆపి, "ఎక్కండి మాస్టారూ, కాలవలో పడిపోతారు" అన్నాడు.

"నేను కావాలనే నడుస్తున్నానయ్యా."

"ఆయ్. అందరూ అలాగే అంటారండి."

నేను నవ్వేసి ఊరుకున్నాను. నవ్వు ఆగింది మా ట్యుటోరియల్ లెక్కల టీచరు దగ్గర. మేమిద్దరం పెళ్లి చేసుకోవాలనుకున్నాం. ముహూర్తం వద్దు, పురోహితుడు వద్దు, దండలు మార్చుకుంటే చాలంటే వాళ్ల నాన్నగారు రెండు రోజులు అన్నం మానేసి మూడోరోజు సరేనన్నారు. ఆయనకు మా ఊరి పక్కన రొయ్యల చెరువుంది. సాయంత్రం మోపెడ్ మీద యానాం వైపున్న కనకాలపేటలోని ఇంటికి ఆ దారినే, నాకెదురుగా వెళ్తారు.

"నాన్న వద్దంటున్నారండి," అంది ఆవిడ. "దేవుడు లేడన్నా సర్దుకున్నాను గానీ, రోజూ ఫుల్లుగా తాగి చెట్లని తిట్టేవాడికి పిల్లనివ్వనంటున్నారు."

నేను సాక్ష్యమంటే ఏమిటో, అనుమానమంటే ఏమిటో వివరించబోయాను. ఆవిడ చాక్‌పీసు బల్ల మీద పెట్టింది. "వాదించకండి. నెల్లాళ్లు ఆటో ఎక్కండి, ఆయనే మర్చిపోతారు."

"తప్పు చేయనివాడు ఆటో ఎందుకెక్కాలి?"

"అయితే కొబ్బరిచెట్టునే చేసుకోండి" అని క్లాసుకి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం మోపెడ్‌కి అడ్డంగా నిలబడ్డాను. "దిగండి బాబుగారూ. నాతో కొంచెం దూరం నడవండి. తాగానో లేదో మీరే తేల్చండి."

ఆయన దిగారు. ముందు నా మొహం దగ్గరికొచ్చి గట్టిగా వాసన చూశారు. "ఉల్లిపాయ" అన్నారు నిరాశగా. బండి నడిపించుకుంటూ నాతోపాటే వెనక్కి బయల్దేరి, "తాగకపోతే ఆ అరుపులేంటండి?" అన్నారు. చెప్పాను. "తాగుడు మానమని చెట్లకి చెప్తారా?" అని నాలుగడుగులు వేసి, "అసలు మీ వాదనే తప్పండి. రాత్రంతా చెరువు గట్టున చలిలో నిలబడేవాడు ఓ గ్లాసు పుచ్చుకుంటే మీకేం నష్టం?" అన్నారు. నాకు కావలసింది అదే. నేను చెయ్యెత్తాను. ఆయన బండికి స్టాండేసి రెండు చేతులూ ఎత్తారు. చీకటి పడేదాకా రోడ్డు మధ్య నిలబడి కేకలేసుకున్నాం. అప్పుడే ఆ ఆటో వచ్చింది. నిండా జనం. డ్రైవరు తల బయటపెట్టి, "ఆయ్, మావగారు కూడా మొదలెట్టారాండి. బండి ఇక్కడే ఉంచేసి ఎక్కండి బాబూ" అన్నాడు.

ఆటోవాడు తిరుగు ట్రిప్పులో కనకాలపేట మీదుగా పోతూ, ఆయన ఇల్లు చేరేలోగా కబురు చేర్చాడు. అత్తగారు ఆయన్ని గుమ్మంలోనే ఆపి వాసన చూశారట. ఏమీ లేదని తేలాక కూడా వారం రోజులు పలకలేదట. ఆ వారం తర్వాత ఆయన కూతురితో ఒక్క మాటన్నారు: "కుర్రాడు తాగడే. తిక్క, అంతే. చేసుకో."

పెళ్లయ్యాక కూడా ఆ నడక మానలేదు. మావగారు వీలైనప్పుడల్లా మోపెడ్ దిగి కలిసేవారు, ఓడిపోయేదాకా వాదించి, ఓడిపోలేదని చెప్పి వెళ్లేవారు. ఇప్పుడు అదే రోడ్డు మీద సాయంత్రం ఎంతమందో నడుస్తున్నారు. చెవుల్లో వైర్లు పెట్టుకుని, చేతులూపుతూ, ఎవరో కనపడని మనిషితో గట్టిగా పోట్లాడుతూ పోతుంటే ఎవరూ వాళ్లను అనుమానించరు. నేను మాత్రం ఈ మధ్య మాటాడకుండా నడుస్తున్నాను. నిన్న నాతోపాటు నడుస్తున్న మా ఆవిడ పక్కకు తిరిగి, "ఒంట్లో బావుందా, ఎవర్నీ ఖండించడం లేదేంటి?" అంది. "గాలి బావుంది, అందుకని" అన్నాను.