తీసేయించిన దగ్గులు

మా ఆఫీసులో ఆవిడకు దగ్గులక్క అని పేరు పెట్టింది నేనే. ఇప్పుడు తలుచుకుంటే, అప్పుడే నా నోరు పడిపోతే బాగుండేదనిపిస్తుంది.

కొళాయి లేని ఇళ్లవాళ్లు నీళ్లకోసం ఎన్ని పాట్లు పడుతున్నారో, దానివల్ల ఒంటికి ఏమవుతోందో తెలుసుకోవడం మా పరిశోధన. నేను ఇల్లిల్లూ తిరిగి వాళ్ల మాటలు రికార్డు చేసేదాన్ని. దగ్గులక్క చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని వాటిని టైపు చేసేది. భర్త పోయాక ఈ పనిలో చేరింది. మనిషి నెమ్మది, పనిలో మాత్రం వంక పెట్టనివ్వదు. ఎవరైనా నవ్వితే (నవ్వు) అని, దగ్గితే (దగ్గు) అని పెట్టేది.

“అక్కా, మన పరిశోధన నీళ్ల మీద. దగ్గుల మీద కాదు,” అని వేళాకోళం చేసి ప్రతిసారీ అన్నీ తీసేయించేదాన్ని.

పదిహేడో రికార్డింగు విన్నరోజు మాత్రం ఆవిడ టిఫిన్ డబ్బా మూతైనా తీయకుండా నా బల్ల దగ్గరికొచ్చింది. మూడంతస్తులు బిందె మోసే ఒక కుట్టుపని ఆవిడ మాటలవి.

“ఈవిడ ఎక్కడుంటుందో చెప్పమ్మా. ఆసుపత్రికి తీసుకెళ్తాను.”

“పేర్లు, అడ్రసులు బయటపెట్టకూడదక్కా. నీకు తెలీని రూలా?”

“మా ఆయన పక్కన పడుకుని రెండు నెలలు ఇదే దగ్గు విన్నాను. దుమ్ము పడట్లేదేమో అనుకున్నాను. పోనీ, నాకు చెప్పొద్దు. నువ్వే వెళ్లి చెప్పు.”

ఆ దగ్గు నేను ఎదురుగా కూర్చుని విన్నదే. పట్టించుకోలేదు. సరే, వెళ్తానన్నాను. నిజంగానే వెళ్దామనుకున్నాను. ఇంతలో రిపోర్టు గడువు మీద పడింది. అక్క రోజూ అడిగేది, నేను రేపు రేపు అనేదాన్ని. అలా నెల గడిచింది. అడ్రసులున్న బీరువా తాళం నా హ్యాండ్‌బ్యాగులోనే ఉంది.

రిపోర్టు అచ్చయ్యాక ఇద్దరం వెళ్లాం. కూతురు తలుపు తీసింది. లోపల కుట్టుమిషను మీద దుప్పటి కప్పి ఉంది.

“అమ్మ పోయి తొమ్మిది రోజులైంది,” అంది. ఇంకాస్త ముందు తీసుకొచ్చి ఉంటే బతికేదని ఆసుపత్రిలో అన్నారట.



“అమ్మ మాటలు రాసుకెళ్లింది మీరేనా? ఏం చెప్పింది?” అనడిగింది. చేతిలో ఉన్న రిపోర్టు తెరిచి ఆ పేజీ చూపించాను.

చదివి తల అడ్డంగా ఊపింది. “ఇది మా అమ్మ కాదండీ. అమ్మ ఇలా ఆగకుండా ఎక్కడ మాట్లాడగలిగేది? నాలుగు మాటలకోసారి దగ్గేది.”

అక్క సంచిలోంచి మడిచిన కాగితాలు తీసి ఇచ్చింది. అది దగ్గులన్నీ ఉన్న మొదటి ప్రతి. చింపేయమని నేనే చెప్పాను, ఆవిడ దాచింది.

ఆ పిల్ల గుమ్మంలోనే నిలబడి పైకి చదివింది. “బిందెత్తుకుని రెండో అంతస్తు దాకా (దగ్గు) వస్తానమ్మా. అక్కడ మెట్ల మీద కూర్చుంటా. (దగ్గు) (దగ్గు) తగ్గాకే పైకొస్తా. మా అమ్మాయి ఇంత దగ్గు వింటే (దగ్గు) బెంగపడుతుంది.”

అక్కడితో ఇంక చదవలేకపోయింది. అక్క ఆమెను దగ్గరికి తీసుకుంది. ఆ దగ్గులు తీసేయించింది నేనేనని ఆ పిల్లకు ఇప్పటికీ చెప్పలేదు.