పైడయ్య సూదికి రోజు కట్టిన కాసులమ్మ

మల్కాపురంలో మా క్లినిక్ డాక్టరుగారి పేరు చాలామందికి ఇప్పుడు గుర్తుండదు. నర్సు కాసులమ్మ పేరు మాత్రం చెబుతారు. డెబ్బయి నాలుగు నుంచి పద్నాలుగేళ్లు ఆవిడ పక్క బల్ల దగ్గర కూర్చుని చీటీలు రాశాను. ఆవిడ తక్కువ మాట్లాడేది. ఎదుటివాళ్లు చెప్పేది చివరిదాకా వినేది.

పైడయ్య హార్బరులో క్రేన్ నడిపేవాడు. ముప్పయ్యో ఏట గవదబిళ్లలు వచ్చి బీజాలు దెబ్బతిన్నాయి. మగవాడి ఒంట్లో తయారవ్వాల్సిన హార్మోను తయారుకాక కండ కరిగింది, గడ్డం పలచబడింది. డాక్టరుగారు నెలకొక ఇంజక్షన్ రాశారు. రెండువందల యాభై మిల్లీగ్రాముల నూనె మందు. కాసులమ్మ ఆ గాజుబుడ్డిని అరచేతుల మధ్య వెచ్చబెట్టి, లావు సూదితో తుంటికి మెల్లగా ఎక్కించేది. తారీఖులు గుర్తుండవని పైడయ్య భార్య నూకాలు ప్రతి అమావాస్యకీ ఖాయం చేసుకుంది. లారీలకి గుమ్మడికాయ కొట్టే రోజు కదా, మరిచిపోయే వీల్లేదు.

ఏడాది తిరిగేసరికి చిక్కొచ్చింది. అమావాస్య ఇంకో వారం ఉందనగా పైడయ్య క్రేన్ ఎక్కలేక మెట్ల మధ్యలోనే కూలబడేవాడు. ఇలాగైతే గేటు కాపలాకి వేసేస్తానని ఫోర్‌మన్ చెప్పేశాడు.

"అమావాస్య గాలి తగుల్తంది నర్సమ్మా," అంది నూకాలు. "పూర్ణా మార్కెట్ కాడ ఒకాయన తాయెత్తు కడతాడంట."

"కట్టించుకోండి, ఎవులొద్దన్నారు? అమావాస్య అయ్యాక ఎలాగుంటాడు?"

"అయ్యాకా? పది రోజులు పుంజులాగ అందరి మీదికీ ఎల్తాడు. నిద్రా ఉండదు."

"నువ్వూరుకోయే," అన్నాడు పైడయ్య. "గేటు కాడ కుర్సీ ఏసుకుని కూకోమంటే నాను సచ్చినట్టే నర్సమ్మా. పైనుంటేనే మడిసిని."

కాసులమ్మ నాచేత సూది తేదీలన్నీ ఒక కాగితం మీద రాయించి, డాక్టరుగారి ముందు పెట్టింది.

"ఒక్కసారి అమావాస్యకి తొమ్మిది రోజులు ముందు ఏసి సూద్దామండీ. తప్పు అమావాస్యదో మందుదో తెలిసిపోద్ది."

ఆయన సరేనన్నారు. ఆ అమావాస్యకి పైడయ్య క్రేన్ మీదే ఉన్నాడు. తర్వాత రెండు వారాలకి నూకాలు ఆయాసపడుతూ వచ్చింది.

"మళ్లీ పడిపోయాడు. ఇయ్యాల పున్నమి గదా, ఇదేటి నర్సమ్మా?"

"అమావాస్యకేటీ తెలీదే. నాలుగో వారానికి మందు అయిపోతంది, అంతే."

డాక్టరుగారు మూడు వారాలకి మారుద్దామన్నారు. కాసులమ్మ తేదీల కాగితం మీద వేలు పెట్టింది. "అలాగైతే మొదటి వారం కొట్లాటలు తగ్గవండీ. వంద మిల్లీగ్రాముల చిన్నది, పదిరోజులకోసారి ఇస్తే?" ఆయన పెన్ను పట్టుకుని లెక్క వేసుకున్నారు. నెల మీద మొత్తం మందు పెద్దగా మారలేదు. పడే తీరు మారింది. అలాగే రాశారు.

నెల్లాళ్లు తిరిగేసరికి పైడయ్య అన్ని రోజులూ ఒకేలా ఉంటున్నాడు. మరో రెండు నెలలు కనిపెట్టి చూసి ఫోర్‌మన్ గేటు మాట మానేశాడు.

నూకాలు చేపలు పట్టుకొస్తే కాసులమ్మ పుచ్చుకోలేదు. "పదో రోజు దాటనీకు, సాలు."

ఆ పదో రోజు ఆదివారం పడితే క్లినిక్ ఉండేది కాదు. అప్పుడు ఆవిడే ఉడకబెట్టిన సూదుల డబ్బా సంచిలో వేసుకుని వాళ్లింటికి నడిచి వెళ్లేది. ఎనభై ఎనిమిదిలో నేను క్లినిక్ వదిలేనాటికి పైడయ్య క్రేన్ మీదే ఉన్నాడు. ఆవిడ ఆదివారాలు నడుస్తూనే ఉంది.