గుంజుకున్న తువ్వాల

సాలెవాడల ఎవలనన్న అడుగుండ్రి, సీతారాములు అంటె దేవుడంటరు. ఆ మాట చెవుల పడ్డ దినం సీతారాములుకు అన్నం సయించది. ముద్ద కలిపి కలిపి, ఆకలి లేదని లేస్తడు.

అబద్ధం ఆడుడు రాని మనిషే, పాపం. నందికొండకు పోయే తోవల ఉన్న ఆ చిన్న పట్నంలనే పుట్టిండు. పదేండ్లకే నాయిన పక్కన కూసోని చిటికి కట్టుడు నేర్సిండు. చిటికి అంటె, నూలును నేసే ముందే ముడులు కట్టి రంగుల ముంచుడు. ముడి కట్టిన కాడ రంగు ఎక్కదు, కట్టని కాడ ఎక్కుతది, బట్ట నేస్తుంటె బొమ్మ దానంతల అదే లేస్తది. ముడి ఒక్క ఎంట్రుకంత జరిగినా చిలుక ముక్కు తోకకాడికి పోతది. సీతారాములు కట్టిన చిలుక ముక్కు ముప్పయ్యేండ్లల ఏనాడూ జరగలే. గసొంటి మనిషి ఒక్క దినం తప్పిండు.

తెలంగాణ వచ్చిన ఆరేండ్లకు, చలికాలంల, ఆ పట్నంల భూమి కదులుడు మొదలువెట్టింది. మొదట్ల గిన్నెలు గల్లుమన్నయి, కుక్కలు మొరిగినయి, గంతే. "ఏం గాదు, ఫికర్ చెయ్యకుండ్రి" అని ఆఫీసు సార్లు వచ్చి చెప్పిపోయిండ్రు. పదకొండో దినం పొద్దుగాల ఒక్క కుదుపు కుదిపింది సూడుండ్రి, సాలెవాడల నలబై మట్టి గోడలు కూసున్నయి.

అప్పుడు సీతారాములు గుంటమగ్గంల కాళ్లు దించుకొని నేస్తుండె. గోడ పక్కన సుభద్రమ్మ రాట్నం ముందట కండెలు సుడుతుండె. ఆమె ఆయనకు వదినయితది, పెద్దనాయిన కొడుకు పెండ్లాం. మొగడు పోయి ఏండ్లాయె, పక్కిల్లే. ఆమె కోడలు సింధూజ చాయ తెచ్చి గడపల నిలబడ్డది. కరెంటు పోయింది, పైనుంచి మన్ను రాలింది, ఇల్లంత దుమ్ము కమ్మింది. గడపల ఉన్న సింధూజ ఒక్క దుంకుకు బయట పడ్డది. సీతారాములు గుంటలకెల్లి ఎట్ల లేసిండో ఆయనకే ఎరుక లేదు. లేసి ఉర్కిండు. ఎనకనుంచి ఒక చెయ్యి ఆయన భుజం మీది తువ్వాల కొస పట్టుకున్నది. ఎవల చెయ్యో తెలువదా? మంచిగ తెలుసు. తువ్వాల ఆమె చేతికే ఇడిచిపెట్టినా అయిపోయేది. ఇడవలే. రెండు చేతులతోని గుంజుకొని బయటికి ఉర్కిండు. ఎనక గోడ కూలింది.

బజార్ల నిలబడ్డంక సోయి వచ్చింది. అమ్మో ఎంత పని చేస్తిని అని మల్ల లోపటికి పోయిండు. చేతులతోనే మన్ను తోడి, నడుము ఇరిగిన వదినను భుజాన ఏసుకొని వచ్చిండు. వాడంత సూసింది గీ రెండో సంగతే. మొదటిది చూసినోళ్లు ఎవలూ లేరు.

దవాఖానల కండ్లు తెరువంగనే సుభద్రమ్మ అన్న మొదటి మాట: "కొంగు పట్టుకుంటె గుంజుకొని పోయింది. కోడలు ఇడిచిపెట్టినా మరిది ఇడవలే." చీకట్ల, దుమ్ముల తన చేతికి దొరికింది కోడలి కొంగే అనుకున్నది ముసలామె. మంచం పక్కనే ఉన్న సీతారాములు నోరు తెరిసిండు. అది కొంగు గాదు వదినా అనెటానికి ఎంత సేపు? కని ఆ గదిల పదిమంది ఉండిరి, పదిమందీ ఆయనకు చేతులు జోడిస్తుండిరి. తెరిసిన నోరు మూసుకున్నడు. రేపు చెప్పుదామనుకున్నడు. రేపు పోయి వారమాయె, నెలాయె, నాలుగు నెలలాయె.

థూ, గదేం మనిషి పుట్టుక! ఆయన మూసుకున్న నోటికి సింధూజ బతుకు ఆగమైంది. మొగడు శ్రవణ్‌కుమార్ సిమెంటు ఫ్యాక్టరీల పనిచేస్తడు. ఆయన పెండ్లాంతోని మాట బంద్ పెట్టిండు. నల్లకాడ ఆడోళ్లు ఆమెను చూసి బిందెలు పక్కకు జరుపుకునుడు. సుభద్రమ్మ మంచం మీదికెల్లి లేవది. ఆమెను ఎత్తుడు, కడుగుడు, తినిపిచ్చుడు అంత సింధూజనే, ఆమెతోని తిట్లు తినుకుంట. గోడ అవతల ఆ తిట్లు ఇనుకుంట సీతారాములు ముడులు కట్టుకునేటోడు. ఇన్నన్ని దినాలు ఇన్నడు.

ఆ నాలుగు నెలల నడుమనే జిల్లా దవాఖాన నుంచి సుమన అని ఒక డాక్టరమ్మ వచ్చింది, మనసుకు మందిచ్చే డాక్టరమ్మ. వాడల పిల్లలు పక్క తడుపుతుండిరి. పొయ్యికాడ గిన్నె జారినా ఆడోళ్లు బయటికి ఉరుకుతుండిరి. మొగోళ్లు తాగుడు పెంచిరి. ఆమె గోలీలు ఇస్తదనుకుంటె పిల్లల చేతికి రంగు డబ్బాలిచ్చింది. "పగిలిన గోడల మీద మీకు నచ్చింది గియ్యుండ్రి" అన్నది. చూస్తుండంగనే వాడంత చేపలు, బస్సులు, మూడు కాళ్ల బర్రెలు! ముసలోళ్లను ఒక్కకాడ కూసోబెట్టి పాటలు పాడిపిచ్చింది. నేసేటోళ్లతోని ఏమన్నదంటె, "మీకొచ్చిన పనితోనే మీ బాధ చెప్పుకోండ్రి. వాడంత కలిసి ఒక్క బట్ట నెయ్యుండ్రి, ఇంటికో జాన, జానెడంత ముక్క. ఆ దినం సంగతి మీకేది యాదికుంటె అది."

ఎన్ని దినాలకో వాడ లేసి కూసున్నది. ఒకలు కూలిన పొయ్యి ఏస్తమన్నరు. గోపయ్య అనేటాయన ఇల్లు కూలినంక తాము పండుకున్న డేరా ఏస్తనన్నడు. ఇంకొకామె ఆ దినం ఉరికిపోయి మల్ల దొరికిన తన కోడిపెట్టను ఏస్తనన్నది, అందరు నవ్విండ్రు. నడుమ జాన కాడికొచ్చేవరకు అందరిది ఒక్కటే మాట, సీతారాములు వదినను మోసుకొచ్చే బొమ్మ. కట్టేదెవలు? వాడల గంత సన్న చిటికి ఆయన చెయ్యికే వస్తది గదా. తన గొప్ప తనే కట్టుకోవాలె.

ముడులకు లెక్క గీసే గ్రాఫ్ కాయిదం ముందటేసుకొని గడులు నింపుకుంట పోయిండు. కాళ్లు వచ్చినయి, భుజం మీద ముసలామె వచ్చింది. తువ్వాల కాడ చెయ్యి ఆగిపాయె. పెండ్లాం రోజారమణి తొంగి చూసి, "తువ్వాల లేకుంటె అది నువ్వే గావు, ఎయ్యి" అని నవ్వింది. కట్టుకున్న ఆమెకు గూడ చెప్పలే, పిరికి పీనుగ. ఏసిండు. ఎర్ర తువ్వాల, గాలికి ఎగిరేటట్టు. సిగ్గు లేకుంటె సరి!

ఆదివారం ఫంక్షన్ హాల్ల బట్టను అందరికి చూపెడదామనుకున్నరు. శుక్రవారం పొద్దుమీకె యాళ్లకు సింధూజ కండెల బుట్ట పట్టుకొని సీతారాములు ఇంటికి వచ్చింది. అందరి జానలు అయినయి, ఆమెది లేదు. ఎవలూ అడగనే లేదు. సీతారాములు ఉండబట్టలేక అడిగిండు.

"నీ జాన ఏదమ్మా?"

"అత్తను ఇడిచి ఉరికినదానికి గూడ జాన ఇస్తరా మామా?" ఆమె తల ఎత్తలే. "ఆదివారం అయినంక ఆయన నన్ను ఆత్మకూర్ల మా తల్లిగారింట్ల దించి వస్తడట. పిల్లలు గీన్నే ఉంటరట."

"నిజంగ నువ్వే గుంజుకున్నవా?" అన్నడు సీతారాములు. తనకు ఆ మాట అడిగే మొకం ఉన్నదా? అయినా అడిగిండు.

"నాకు యాదికొస్తలేదు మామా. మొదట్ల కాదనుకున్న. నేను గడపలనే ఉన్న గద, అత్త చెయ్యి ఎట్ల అందుతది? కని అందరు అంటుంటె, అంటుంటె, ఏమో, గుంజుకున్ననేమో అనిపిస్తాంది. కండ్లు మూసుకుంటె అత్త చెయ్యి నా కొంగుకే ఉన్నట్టు అయితాంది. నేనే అయ్యుంట."

ఆమె తిట్లు తిన్నదంటె సీతారాములు ఓర్సుకున్నడు, మొగడు మాట్లాడకుంటె చూసుకుంట ఊకున్నడు. తను చేసిన పాపాన్ని ఆమె తనదని నమ్మి కూసున్నదంటె మాత్రం పానం ఒప్పలే.

"నువ్వు గాదు బిడ్డా, నేను. వదిన పట్టుకున్నది నా తువ్వాల."

సింధూజ బుట్ట కింద పెట్టింది. ఏడుస్తదనుకున్నడు, చెప్పు తీస్తదనుకున్నడు. రెండూ చెయ్యలే.

"నాలుగు నెలలు, మామా" అన్నది. "నాకు ఇంట్ల చెప్తె ఏమొస్తది? నన్ను అన్నది బజార్ల. బజార్లనే చెప్పు."

ఆగితె మల్ల రేపు అంటడని ఆయనకే ఎరుక. లేసి పోయిండు. బజారు నడుమ నిలబడి, "ఓ అన్నలార, అక్కలార, అందరు బయటికి రాండ్రి!" అని గొంతు చించుకొని ఒర్లిండు.

గట్ల ఒర్లితె ఆ వాడల ఏమనుకుంటరు? భూమి కదిలిందనే అనుకున్నరు. తలుపులు దబదబ తెర్సుకున్నయి. పిల్లలను సంకనేసుకొని తల్లులు, మగ్గాలు ఇడిచి మొగోళ్లు, నిమిషంల వాడంత బజార్ల పడ్డది. "కదలలే, కదలలే" అని సీతారాములు చేతులు ఊపుతనే ఉన్నడు, ఎవలు ఇంటరు? ఆయన ఎందుకు పిలిచిండో తెలిసిన సింధూజ గూడ జనం ఉరుకుడు చూసి నిజమే అనుకున్నది. పక్కింట్లకెల్లి సుభద్రమ్మ ఏడుపు ఇనబడ్డది. "ఓ సింధూజా, ఓ బిడ్డా!" అందరు బయటికి ఉరుకుతుంటె సింధూజ ఒక్కతే లోపటికి ఉర్కింది.

బక్క పానం ఆమెది. అత్తను వీపున ఏసుకొని, రొప్పుకుంట బజారు నడుమకు వచ్చింది. ముసలామె రెండు చేతులతోని కోడలి మెడ పట్టుకున్నది. అప్పటికి భూమి కదలలేదని అందరికి సమజైంది. "గదేంది సీతారాములూ, ఉత్తగనే ఎందుకు ఒర్లితివి?" అని నేతసంఘం పెద్ద ఎల్లేశం కోపానికి వచ్చిండు. వాడంత ఆయన దిక్కు తిరిగింది, శ్రవణ్‌కుమార్ గూడ.

"ఆ దినం వదిన పట్టుకున్నది సింధూజ కొంగు గాదు" అన్నడు సీతారాములు. "నా తువ్వాల. నేనే గుంజుకొని ఉర్కిన. గోడ కూలినంకనే మల్ల లోపటికి పోయిన. దవాఖానల చెప్పాల్సింది చెప్పలే." నేలను చూసుకుంట, తనల తను చెప్పుకున్నట్టు చెప్పిండు. ముందట ఉన్న నలుగురికి ఇనబడ్డదో లేదో.

సుభద్రమ్మ మొకం తీసుకపోయి కోడలి వీపుకు దాసుకున్నది. శ్రవణ్‌కుమార్ తల దించుకొని వచ్చి, తల్లిని తన చేతులకు తీసుకోబోయిండు. సింధూజ ఇయ్యలే. ముసలామెను ఇంకింత పైకి ఎగేసుకున్నది.

"మామా, ఎనక ఉన్నోళ్లకు ఇనబడలే" అన్నది. "జర గట్టిగ చెప్పు."